చమురు దేశాల ధరల కూటమి – గోదావరి డెల్టా

ముడి చమురు ఎగుమతి చేసే దేశాలు ఎవరికి వారు అమ్ముకోకుండా, ఎంత తోడాలో ముందుగా మాట్లాడుకొని, ప్రపంచ ధర పడిపోకుండా నిలబెట్టుకునే ఏర్పాటే చమురు ధరల కూటమి. ఇలాంటి కూటముల్లో పేరు మోసింది 1960 సెప్టెంబరులో బాగ్దాద్‌లో పుట్టిన ఒపెక్. 2016 చివర్లో రష్యా, మెక్సికో, కజకిస్తాన్ వంటి బయటి దేశాలు దీంతో చేతులు కలిపాక ఆ పెద్ద గుంపును ఒపెక్ ప్లస్ అంటున్నారు.

భీమవరం ప్రాంతానికి ఈ కథ దూరపు కథ కాదు. రొయ్యల చెరువులో కరెంటు పోతే ఏరేటర్లు తిప్పేది డీజిల్ జనరేటరే. నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో కువైట్ నుంచి వచ్చే డబ్బుతో లేచిన డాబాలు ఉన్నాయి. డెల్టా వరిచేల కింద సహజవాయువు ఉంది. వీటన్నిటికీ తోడు, పంట తనదే అయినా ధర మాత్రం ఇతరులు చెబితే వినాల్సిన రైతు ఇక్కడ ఉన్నాడు. ఒపెక్ పుట్టడానికి కారణమైన బాధ కూడా సరిగ్గా అదే.

కిరసనాయిలు కాలం

చమురు ధర మీద మొదట కుమ్మక్కయింది దేశాలు కావు, కంపెనీలు. ఆ కుమ్మక్కుకు దారితీసిన పోరు మన దేశంలోనే, కిరసనాయిలు దీపాల దగ్గరే మొదలైంది. 1927లో న్యూయార్క్ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ సోవియట్ రష్యా నుంచి చౌకగా కిరసనాయిలు కొని భారతదేశంలో అమ్మబోయింది. రష్యాలో తన ఆస్తులు పోగొట్టుకున్న రాయల్ డచ్ షెల్ అధిపతి హెన్రీ డెటర్డింగ్ దాన్ని సొంత సరుకు దొంగిలించి అమ్మడంగా భావించి, ఇక్కడ ధరలు తెగ్గోశాడు. ఆ పోరు భారత మార్కెట్టు దాటి మిగతా దేశాలకు పాకింది. చివరికి అందరికీ నష్టమేనని తేలాక, 1928 సెప్టెంబరులో స్కాట్లాండులోని ఆక్నాకారీ కోటలో డెటర్డింగ్, న్యూజెర్సీ స్టాండర్డ్ అధిపతి వాల్టర్ టీగల్, ఆంగ్లో పర్షియన్ కంపెనీ అధిపతి జాన్ కాడ్మన్ కూర్చొని, ఎవరి వాటా వారిదే, ఒకరి మార్కెట్టులోకి ఒకరు చొరబడకూడదని ఒప్పందం రాసుకున్నారు. బర్మా ఆయిల్, షెల్ కలిసి భారత వ్యాపారానికి బర్మా షెల్‌గా ఏర్పడింది కూడా 1928లోనే. పల్లెటూరి గుడ్డిదీపంలో పోసే నూనె వెల ఎక్కడో ఒక కోటలో కుదిరిన మాట మీద నడిచింది, వాడేవాడికి ఆ సంగతే తెలియదు.

ధర కట్టే పద్ధతి మరీ అన్యాయం. చమురు ఎక్కడ పుట్టినా, అమెరికా దక్షిణ తీరంలోని మెక్సికో సింధుశాఖ ధరకు అక్కడి నుంచి ఓడ ఖర్చు కలిపి వసూలు చేసేవారు. పర్షియా నుంచి దగ్గరి దారిలో వచ్చిన సరుకుకు కూడా అట్లాంటిక్ దాటి వచ్చినట్టు లెక్క కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వమే నిలదీసే దాకా ఇది సాగింది.

చమురు పుట్టిన దేశాలకు దక్కింది బ్యారెల్‌కు కొద్దిపాటి రాయల్టీ. 1948లో వెనిజులా లాభంలో సగం తనదని చట్టం చేసింది. 1950 చివర్లో సౌదీ అరేబియా అదే వాటా సాధించింది. 1951లో ఇరాన్ ప్రధాని మొసాదెగ్ ఏకంగా జాతీయం చేస్తే, కంపెనీలు ఇరాన్ చమురును ఎవరూ కొనకుండా చేశాయి. కువైట్‌లో, సౌదీలో ఎక్కువ తోడి లోటు పూడ్చుకున్నాయి. 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల చేయూతతో జరిగిన కుట్రలో మొసాదెగ్ పదవి పోగొట్టుకున్నాడు. ఒక్కడు ఆపితే పక్కవాడు పోస్తాడని చమురు దేశాలకు కళ్లారా తెలిసింది అప్పుడే.

టెక్సాస్ నేర్పింది, విశాఖ గుర్తు చేసింది

కూటమికి నమూనా అరబ్బు ఎడారిలో దొరకలేదు, అమెరికాలోనే దొరికింది. 1930లో తూర్పు టెక్సాస్‌లో పెద్ద చమురు క్షేత్రం బయటపడి, ఎవరికి వారు తోడెయ్యడంతో బ్యారెల్ ధర కొన్నిచోట్ల పది సెంట్లకు జారింది. 1931లో గవర్నరు సైన్యాన్ని దింపి బావులు మూయించాడు. ఆ తర్వాత టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ అనే సంస్థ నెలనెలా ఏ బావి ఎంత తోడాలో నిర్ణయించేది. పేరులో రైలు ఉన్నా, నాలుగు దశాబ్దాలు ప్రపంచ చమురు ధరకు కాపలా కాసింది అదే. ప్రవాసంలో వాషింగ్టన్‌లో ఉన్న వెనిజులా నాయకుడు హువాన్ పాబ్లో పెరెజ్ అల్ఫోన్సో ఈ పద్ధతిని దగ్గరగా చదివాడు. సౌదీకి చెందిన అబ్దుల్లా తారికి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడే. 1959లో కైరోలో జరిగిన అరబ్బు పెట్రోలియం మహాసభ సందర్భంగా వీరిద్దరూ, మరికొందరు రహస్యంగా కలుసుకొని కలిసి నడవాలని మాట ఇచ్చి పుచ్చుకున్నారు.

నిప్పు రాజేసింది 1960 నాటి ధర కోత. దానికి మన విశాఖపట్నంతో సంబంధం ఉంది. అప్పటి కేంద్ర చమురు శాఖ మంత్రి కేశవ దేవ్ మాలవీయ చౌకగా వస్తున్న సోవియట్ ముడి చమురును ఇక్కడి రిఫైనరీల్లో శుద్ధి చేయమని అడిగారు. బొంబాయిలోని బర్మా షెల్, స్టాన్వాక్ (తర్వాతి ఎస్సో), 1957లో విశాఖలో మొదలైన కాల్టెక్స్ మూడూ ఒప్పుకోలేదు. అయినా సోవియట్ పోటీ ఉందన్న భయంతో కంపెనీలు ధర తగ్గించక తప్పలేదు. 1960 ఆగస్టులో న్యూజెర్సీ స్టాండర్డ్, చమురు దేశాలను మాట మాత్రం అడగకుండా, ప్రకటిత ధరను కోసేసింది, మిగతావి అనుసరించాయి. ఆ దేశాల పన్ను ఆదాయం ప్రకటిత ధర మీదే ఆధారపడేది. కోత కంపెనీది, నష్టం దేశానిది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 10 నుంచి 14 వరకు ఇరాక్, ఇరాన్, కువైట్, సౌదీ అరేబియా, వెనిజులా ప్రతినిధులు బాగ్దాద్‌లో సమావేశమై ఒపెక్‌ను స్థాపించారు. భారత వినియోగదారుడికి దక్కిన ఊరట, చమురు దేశాలకు తగిలిన దెబ్బ ఒకే కోతలోవి. ఈ చిక్కుముడి ఈనాటికీ వీడలేదు.

మొదటి పదేళ్లు ఒపెక్ మాట ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. కార్యాలయం ముందు జెనీవాలో, 1965 నుంచి వియన్నాలో ఉంది. ఖతార్, ఇండోనేషియా, లిబియా, అబుదాబి, అల్జీరియా, నైజీరియా ఒక్కొక్కటే చేరాయి. 1967 అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధంలో చమురు ఆపి చూశారు. టెక్సాస్ తన బావులు ఇంకాస్త తెరిచింది, ఆపినవాళ్లే నష్టపోయారు. 1972లో టెక్సాస్ కమిషన్ పూర్తి సామర్థ్యంతో తోడుకోమని అనుమతి ఇచ్చింది. తెరవడానికి అక్కడ ఇక మిగులు లేదన్నమాట. ఆ రోజుతో పెత్తనం గల్ఫ్‌కు మారిపోయింది.

1973

1973 అక్టోబరు 6న అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం మళ్లీ మొదలైంది. 16న కువైట్‌లో కూర్చున్న గల్ఫ్ దేశాలు కంపెనీలతో బేరం మానేసి, ప్రకటిత ధరను తామే 70 శాతం పెంచి 5.11 డాలర్లు చేశాయి. మర్నాడు అరబ్బు దేశాలు నెలకు 5 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గిస్తామన్నాయి. ఇజ్రాయెల్‌ను బలపరిచిన అమెరికాకు, నెదర్లాండ్స్‌కు చమురు ఆపేశాయి. డిసెంబరులో టెహరాన్‌లో జరిగిన సమావేశం 1974 జనవరి నుంచి ధరను 11.65 డాలర్లుగా నిర్ణయించింది. మూడు నెలల కిందట మూడు డాలర్ల సరుకు అది.

ఒక తేడా గమనించాలి. ధర పెంచింది ఒపెక్ దేశాలు. సరఫరా ఆపింది 1968లో ఏర్పడిన అరబ్బు దేశాల వేరే సంఘం. ఇరాన్ సరఫరా ఆపలేదు. ధర మాత్రం గట్టిగా పెంచమన్నది ఇరానే.

ఆ దెబ్బ అమెరికా పెట్రోలు బంకుల ముందు క్యూలుగా కనబడింది. భారతదేశానికి తగిలిన దెబ్బ పొలంలో కనబడింది. దిగుమతి చమురు ఖర్చు ఒక్క ఏడాదిలో రెట్టింపును మించింది. నాఫ్తాతో తయారయ్యే యూరియా ధరను 1974లో ప్రభుత్వం దాదాపు రెట్టింపు చేసింది. కొత్త వరి వంగడాలు డెల్టాలో అప్పుడప్పుడే కుదురుకుంటున్నాయి. వాటికి ఎరువు లేనిదే దిగుబడి లేదు. కాలువ నీరు అందని శివారు భూములకు నీరు తోడే ఆయిల్ ఇంజన్లకు డీజిలు, ఇళ్లలో దీపానికి కిరసనాయిలు, రెండూ బరువయ్యాయి. ఆ సంక్షోభమే దేశాన్ని సొంత చమురు ఇంకా గట్టిగా వెతకమని తరిమింది కూడా. 1974లో బాంబే హై దొరికింది. విదేశీ చమురు కంపెనీలు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఆ దశాబ్దం చివరికి ఓఎన్‌జీసీ రిగ్గులు నరసాపురం చేలల్లో నిలబడ్డాయి.

కువైట్ దారి

ధర పెరిగితే డెల్టాకు నష్టమే అని ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. చమురు డబ్బుతో గల్ఫ్‌లో రోడ్లు, భవనాలు, కొత్త ఇళ్లు లేచాయి. వాటిని కట్టడానికి, ఊడ్చి తుడవడానికి, వండి పెట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. కేరళ తర్వాత మన గోదావరి జిల్లాలు, కడప ప్రాంతం ఆ పిలుపు అందుకున్నాయి. నరసాపురం, పాలకొల్లు, భీమవరం, కోనసీమ పల్లెల నుంచి కువైట్‌కు వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఇంటిపని వీసాను ఇక్కడ ఖద్దామా వీసా అంటారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, అప్పు చేసి ఏజెంటుకు కట్టి, రెండేళ్లకోసారి వచ్చి పోయే తల్లులు. డాబా పైకప్పు, ఆడపిల్ల పెళ్లి, తమ్ముడి చదువు అన్నీ ఆ జీతాల్లోంచే వచ్చాయి. చమురు ధరల చరిత్ర రాసినవాళ్లు షేకుల మాట, మంత్రుల మాట రాశారు. ఈ తల్లుల చెమట కూడా ఆ లెక్కలో భాగమే; దాన్ని విడిచిపెట్టిన చరిత్ర అసంపూర్ణం.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అంతకు ముందు ఇరాక్ చేసిన పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి కోటా గురించే: కువైట్ తన వాటాను మించి తోడుతూ ధర పడగొడుతోందని. అంటే కూటమిలో మాట తప్పారన్న తగువు యుద్ధానికి ఒక సాకైంది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా రోడ్డున వచ్చిన 1,70,000 మందికి పైగా భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల్లో తీసుకొచ్చాయి. వాళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు. ఊళ్లో అప్పు మిగిలే ఉంది, పెట్టె ఖాళీ.

కోటాలు, మాట తప్పడాలు

1979 ఇరాన్ విప్లవం, 1980 ఇరాన్–ఇరాక్ యుద్ధంతో ధర 30 డాలర్లు దాటింది. అంత ధరే కూటమికి ముప్పు తెచ్చింది. ఉత్తర సముద్రంలో, అలాస్కాలో, మెక్సికోలో తోడడం గిట్టుబాటైంది. కొనేవాళ్లు పొదుపు నేర్చారు. 1982లో ఒపెక్ మొదటిసారి దేశాలవారీగా కోటాలు పెట్టింది. చాలామంది చాటుగా మించి అమ్మారు. ధర నిలబెట్టడానికి సౌదీ ఒక్కటే తన ఉత్పత్తిని తగ్గించుకుంటూ వచ్చి, 1985 వేసవికి రోజుకు సుమారు 20 లక్షల బ్యారెళ్లకు చేరింది. కొన్నేళ్ల కిందటి దాంట్లో అది ఐదో వంతు. ఇక ఓర్చుకోలేక కుళాయి తిప్పేసింది. 1986లో ధర పది డాలర్ల దాకా కూలింది. ఆ ఏడాది అక్టోబరులో, పాతికేళ్లకు దగ్గరగా మంత్రిగా ఉన్న అహ్మద్ జకీ యమానీ ఉద్యోగం పోయింది.

1998లో ఆసియా సంక్షోభంతో మరోసారి ఇలాగే కూలింది. 1999లో మెక్సికో, నార్వే కూడా కోతకు సాయం పట్టాకే కోలుకుంది.

పంట విరామం: డెల్టా చేసిన ప్రయత్నం

సరుకు తగ్గించి ధర రాబట్టాలన్న ఆలోచన గోదావరి రైతుకు కొత్త కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు వరి నాట్లు వేయడం మానేశారు. అల్లవరం, ఉప్పలగుప్తం, అమలాపురం, ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల్లో పచ్చగా ఉండాల్సిన చేలు బీళ్లుగా మిగిలాయి. విస్తీర్ణం లక్ష ఎకరాలకు అటూ ఇటూగా పత్రికలు రాశాయి. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలి, ఎరువు, కోత మిషను అన్నీ కలిపితే ఖర్చు అంతకన్నా మించుతోందన్నది రైతుల లెక్క. బాస్మతి కాని బియ్యం ఎగుమతిపై 2008 నాటి నిషేధం ఇంకా ఉంది. గోదాములు నిండి ఉన్నాయి. మురుగు కాలువలు పూడి చేలు మునుగుతున్నాయి. ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా ఆధ్వర్యంలో కమిటీ వేసింది. సెప్టెంబరులో కేంద్రం ఎగుమతులకు తలుపు తెరిచింది. మరుసటి ఏడు మద్దతు ధర 1,250 అయింది.

బాగ్దాద్‌కూ అమలాపురానికీ బాధ ఒకటే. బలం ఒకటి కాదు. చమురు భూమిలో ఉంటే చెడదు, ఏడాది ఆగి తోడుకోవచ్చు. పోయిన సార్వా మళ్లీ రాదు. కోనసీమ ఆపితే పంజాబ్, ఛత్తీస్‌గఢ్ ధాన్యం పోస్తాయి, మొసాదెగ్ ఇరాన్‌కు కువైట్ చేసినట్టే. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ విరామం భారం ఎవరి మీద పడిందన్నది. భూమి ఉన్న రైతు ఒక పంట ఆపుకోగలడు. మక్తా కట్టే కౌలు రైతుకు, నాట్ల కూలితో బతికే ఆడవాళ్లకు ఆ నెలలు గడిచేదెలా? ఒపెక్‌లోనూ కోటా తప్పేవాళ్లలో జనం ఎక్కువ, నిల్వ తక్కువ ఉన్న దేశాలు ఉన్నాయి. వాళ్లను మోసగాళ్లనడం తేలిక. ఆగే శక్తి లేదనడం నిజానికి దగ్గర.

ఒపెక్ కోటాలకు మరింత దగ్గరి పోలిక వర్జీనియా పొగాకు. 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు ఏటా ఎంత పండించాలో నిర్ణయించి, రిజిస్టరైన బ్యారన్ లెక్కన రైతుకు పరిమితి పెడుతుంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి మెట్ట ప్రాంతాలు ఈ లెక్కలోనే ఉంటాయి. 2000–01లో నిల్వలు పేరుకుపోయి ఆంధ్రలో బోర్డే పంట విరామం ప్రకటించింది. ఇక్కడ కాపలాదారు ఉన్నాడు, వేలం కేంద్రం ఉంది, మించితే జరిమానా ఉంది. వరికి అవేవీ లేవు.

భీమవరం రొయ్యలకు అసలే లేవు. చెరువు పట్టుబడికి వచ్చినప్పుడు వంద కౌంటు ధర ఎంతన్నది కొనుగోలుదారు చెబుతాడు. కొనేవాళ్లంతా సిండికేటయ్యారని రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. రొయ్య ఒక్క రాత్రి కూడా ఆగదు. ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. ఆపుకోలేని సరుకు చేతిలో పెట్టుకొని బేరం ఆడేవాడి గుండెదడ ఈ ప్రాంతంలో అందరూ ఎరిగిందే.

ఒపెక్ ప్లస్, బంకు దగ్గర ధర

2008 జులైలో 147 డాలర్లకు ఎగబాకిన ధర, ఆ ఏడు చివరికి నలభై దరిదాపుల్లోకి వచ్చింది. 2014 నవంబరులో ఒపెక్ ఉత్పత్తి తగ్గించనని కూర్చుంది. అమెరికా షేల్ చమురును నష్టాల్లోకి నెట్టాలన్నది ఆశ. ధర 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి పడింది గానీ షేల్ చావలేదు. చివరికి 2016 డిసెంబరులో రష్యాతో ఒప్పందం కుదిరింది.

2020 మార్చిలో కరోనా వేళ సౌదీ, రష్యా తగువు పడి కుళాయిలు తెరిచాయి. ఏప్రిల్ 20న అమెరికా చమురు వాయిదా ధర సున్నాకంటే కిందికి, మైనస్ 37 డాలర్లకు జారింది. దానికి ముందే ఏప్రిల్ 12న రోజుకు 97 లక్షల బ్యారెళ్ల కోతకు ఒప్పుకున్నారు. చరిత్రలో ఇంత పెద్ద కోత లేదు.

భీమవరం బంకులో మాత్రం ఆ పతనం కనబడలేదు. డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో పోయింది. ప్రపంచ ధర పడుతున్న కొద్దీ 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం ఎక్సైజ్ సుంకం తొమ్మిదిసార్లు పెంచింది. 2020 మేలో డీజిలుపై ఒకేసారి లీటరుకు 13 రూపాయలు వేసింది. రాష్ట్ర వ్యాట్ దానికి అదనం. పెరిగినప్పుడు బరువు రైతుది, తగ్గినప్పుడు మిగులు ఖజానాది. చెరువు గట్టు మీద జనరేటరుకు డీజిలు పోసేవాడికి ఇది అన్యాయంగా తోస్తే, ఆ భావనలో తప్పు లేదు.

తనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం కూటమిని ఎదిరించలేదు, దెబ్బను కాస్త తట్టుకోగలదు. అందుకే విశాఖపట్నంలో రాతిపొరల కింద 13.3 లక్షల టన్నుల చమురు పట్టే గుహలు తవ్వి 2015లో వాడుకలోకి తెచ్చారు. మంగళూరు, పాదూరుతో కలిపితే సామర్థ్యం 53.3 లక్షల టన్నులు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రాయితీ మీద రష్యా చమురు కొనడం మరో దారి. 1960లో విశాఖ రిఫైనరీ వద్దన్నది ఆ దేశపు సరుకునే.

చేల కింద గ్యాస్

కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ డెల్టాకు ఇచ్చినదానితో పాటు తీసుకున్నదీ ఉంది. 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. రాత్రుళ్లు ఆ వెలుగు ఎన్నో ఊళ్లకు కనబడింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. సముద్రంలో కేజీ–డీ6 నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైతే, దాని ధర మీద అంబానీ అన్నదమ్ముల వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 2010 మేలో కోర్టు, గ్యాస్ జాతి సంపద అనీ ధర నిర్ణయించేది ప్రభుత్వమనీ తేల్చింది.

2023 ఏప్రిల్ నుంచి ఓఎన్‌జీసీ పాత క్షేత్రాల గ్యాస్‌కు కొత్త లెక్క వచ్చింది. భారతదేశం కొనే ముడి చమురు సగటు ధరలో పదో వంతు ఆ గ్యాస్ ధర, నెలనెలా ప్రకటిస్తారు, కింద 4 డాలర్ల హద్దు, పైన మొదట 6.5 డాలర్ల హద్దు. అలా నరసాపురం, రాజోలు వరిచేల కింద నుంచి వచ్చే గ్యాస్ వెల కూడా వియన్నా సమావేశాల్లో కోతలు కుదిరినప్పుడు కదులుతోంది, ఆ హద్దుల మేరకు. ఆ చేలలో పండే ధాన్యానికి మాత్రం మద్దతు ధర ఏడాదికొకసారే ప్రకటిస్తారు.